ఈగ నుదుటి తిత్తి: వైకల్యం కాదు, సహజ నిర్మాణం

ప్యూపా దశ ముగించుకొని అప్పుడే వెలువడిన ఇంటి ఈగను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తే, సంయుక్త నేత్రాల నడుమ, స్పర్శశృంగాలకు పైభాగాన బుడగవంటి తిత్తి ఒకటి కనిపించవచ్చు. దానిని వ్యాధి లక్షణంగానో, జన్యులోపంగానో భావించరాదు. అది టిలినమ్ అనే సహజ నిర్మాణం.

స్కైజోఫోరా వర్గపు ఈగలు గట్టిపడిన చివరి డింభక చర్మంలో, అనగా ప్యుపేరియంలో, రూపవిక్రియ చెందుతాయి. ప్రౌఢజీవి రక్తద్రవాన్ని శిరస్సులోకి నెట్టి టిలినమ్‌ను ఉబ్బించి, ఆ ఒత్తిడితో ప్యుపేరియం మూతను తెరుస్తుంది. మట్టిలోనుంచి పైకి రావడానికీ ఇదే సాధనం. అనంతరం తిత్తి శిరస్సులోనికి ముడుచుకొంటుంది. స్పర్శశృంగాలపై తలకిందులైన 'యు' ఆకారపు గీత మాత్రం జీవితాంతం నిలుస్తుంది. సిర్ఫిడే కుటుంబపు ఈగలలో ఈ గీత ఉండదు. కనుక వర్గీకరణలో ఇది ముఖ్య లక్షణం.

న్యాయవైద్య కీటకశాస్త్రంలో ఈ గుర్తింపు మరింత కీలకం. మృతదేహం వద్ద ముడతలు విప్పుకోని రెక్కలతో, ఉబ్బిన టిలినమ్‌తో కాలిఫోరిడే ఈగ లభిస్తే, అది దూరం నుంచి ఎగిరివచ్చినది కాదు. ఆ పరిసరాలలోనే వెలువడినది. అది ఆ దేహంపైనే పెరిగిందని నిర్ధారణ అయితే, గుడ్డు నుంచి ప్రౌఢదశ వరకు పట్టే కాలమంతా గడిచినట్లే. వికృత నమూనాగా భావించి దానిని పక్కన పెడితే, మరణానంతర కాలాన్ని తక్కువగా అంచనా వేసే ప్రమాదముంది.