పురుగా? పామా?

అయిదే మాటలతో జంతువులన్నింటినీ పిలవగలమా? 'టోకి పోనా' అనే భాషలో పిలుస్తారు. కెనడాకు చెందిన సోన్యా లాంగ్ 2001లో దీన్ని తయారుచేశారు. 2014లో వచ్చిన ఆమె పుస్తకంలో ఉన్నవి సుమారు 120 మాటలే.

బొచ్చు ఉండి నేలమీద తిరిగేది 'సొవెలి'. పక్షి 'వాసొ'. చేప 'కాలా'. చీమ, ఈగ, సాలీడు 'పిపి'. బల్లి, కప్ప, పాము 'అకెసి'. ఆవైనా కుక్కైనా సొవెలే! తేడా చెప్పాలంటే పక్కన ఇంకో మాట చేర్చాలి. 'లిన్యా' అంటే తాడు లాంటిది. కాబట్టి 'అకెసి లిన్యా' అంటే పాము. మరి గబ్బిలం? ఎగరడం చూస్తే వాసొ, బొచ్చు చూస్తే సొవెలి.

ఇంత తక్కువ మాటలతో ఏం బతుకుతారని మొదట నవ్వుకున్నాను. తర్వాత మా ఇంటి సంగతే గుర్తొచ్చింది.

నిరుడు వానకాలంలో ధర్మాబాద్ దగ్గరి ఊరినుంచి మా పెద్దనాయినను నాందేడ్‌లో ఒక దవాఖానాకు తెచ్చారు. "పురుగు ముట్టింది బిడ్డా" అన్నది పెద్దమ్మ. నేను ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. సిస్టర్‌కు మరాఠీలో "కీడా చావ్లా" అని చెప్పాను. ఆమె "జనావర్ తర్ నాహీ నా?" అని అడిగింది. జనావర్ అంటే పశువు కదా, కుక్కో పందో అనుకొని "నాహీ" అన్నాను. పెద్దనాయిన కనురెప్పలు అప్పటికే వాలిపోతున్నాయి. పెద్దమ్మ చేతిని పడగలా పెట్టి చూపిస్తేగాని నాకు అర్థం కాలేదు. వెంటనే పాము విషానికి మందు ఎక్కించారు. పెద్దనాయిన బతికాడు.

పేరు తీస్తే పాము వస్తుందని మనవాళ్ల భయం. అందుకే దాన్ని పురుగుల్లో కలిపారు. అదే భయంతో మరాఠీవాళ్లు జనావర్ అన్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర అని మనకు ఇన్ని పేర్లున్నాయి. అయినా పామునూ పురుగునూ ఒక్క మాటలో కలిపేశాం. ఆవునూ కుక్కనూ కలిపేసిన ఆ చిన్న భాష మాత్రం ఈ రెండింటినీ వేరుగానే ఉంచింది! మాటలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఏ మాటలో ఏది కలిసి ఉందో వినేవాళ్లకు తెలియాలి.

పెద్దమ్మ ఇప్పటికీ పురుగనే అంటుంది. ఇంట్లో అననిద్దాం. దవాఖానాలో మాత్రం తెలుగులో 'పాము', మరాఠీలో 'సాప్' అనే చెప్పండి.