గుండె లయకు కావలి కాయు కవచము

సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు ప్రాంతమున, సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరముల పారిశ్రామిక వాడ కలదు. దీనికి 2017లో శంకుస్థాపన జరిగినది. పూడిన హృదయ ధమనులను తెరచియుంచు స్టెంట్లు ఇచ్చట తయారగుచున్నవి. ధమని పూడుట గొట్టమునకు వచ్చిన చిక్కు. హృదయమునకు మరియొక చిక్కు కూడ కలుగవచ్చును. అది విద్యుత్తుకు సంబంధించినది.

విశ్రాంతిలోనున్న ఆరోగ్యవంతుని హృదయమున సిరాకర్ణికా కణుపు నిమిషమునకు 60 నుండి 100 పర్యాయములు విద్యుత్ ప్రేరణను పంపును. దాని ననుసరించి జఠరికలు ఒక్కుమ్మడిగా ముడుచుకొనును. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అను స్థితిలో కండరభాగములు దేనికవి అదరుచుండును; రక్తము ముందుకు సాగదు. సుమారు 10 సెకండ్లలో స్పృహ తప్పును. ఛాతీ నొత్తువారు కూడ లేనిచో, విద్యుద్ఘాతము ఆలస్యమైన ప్రతి నిమిషమునకు బ్రతుకు అవకాశము నూటికి 7 నుండి 10 వంతులు తగ్గును.

ఈ ఘాతము నిచ్చు యంత్రమే డిఫిబ్రిలేటర్. 1980లో అమెరికాలో మిరోవ్‌స్కీ బృందము దీనిని తొలిసారి మనిషి శరీరములో అమర్చినది. చొక్కావలె తొడుగుకొను రకమునకు ఆ దేశమున 2001లో అనుమతి లభించినది. గుండెపోటువలన హృదయము బలహీనపడినవారు, శాశ్వత పరికరము అవసరమో కాదో తేలువరకు, దీనిని ధరింతురు.

కవచము ఎట్లు నిర్ణయించును? మొదట వేగమును చూచును. గుండె వేగము వైద్యుడు నిర్ణయించిన హద్దును, ఉదాహరణకు నిమిషమునకు 150ని, దాటవలెను. కాని మెట్లెక్కు మనిషికి కూడ ఆ వేగము రావచ్చును. కావున తరువాత తరంగరూపమును పరీక్షించును. ధరించినవాని సహజరూపము యంత్రములో ముందే నమోదై యుండును. శ్రమవలన వేగము హెచ్చినను ఆ రూపము చాలవరకు మారదు. జఠరికలలో పుట్టిన లయలో మారిపోవును. పిమ్మట నిలకడను చూచును. శరీరపు కదలిక, ఎలక్ట్రోడు జారుట, సమీపపు 50 హెర్ట్జ్ విద్యుత్ తీగలు తరంగమును చెడగొట్టవచ్చును. అందుచే నాలుగు ఎలక్ట్రోడులు రెండు దిశలనుండి ఇ.సి.జి. గ్రహించును, అపాయ చిహ్నములు నిలిచియున్నచో మాత్రమే యంత్రము ముందుకు సాగును.

చివరి సాక్షి ధరించిన మనిషియే. పరికరము అదరి, సైరను మ్రోగించును. స్పృహ ఉన్నవాడు బొత్తాములు నొక్కును, ఘాతము ఆగును. నొక్కనిచో చర్మముపై జెల్ విడుదలయై, 150 జౌళ్ల వరకు శక్తి గల ఘాతము కలుగును. 15 కిలోల బరువును ఒక మీటరు ఎత్తుటకు దాదాపు ఇంతే శక్తి కావలెను. ఇచ్చట అది కొన్ని మిల్లీసెకండ్లలో ప్రసరించును. గుర్తించినది మొదలు సుమారు ఒక నిమిషములో ఇదంతయు ముగియును.

తొడిగినప్పుడే కవచము రక్షించును. 2018లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో లయదోష మరణములు నిశ్చయముగా తగ్గినట్లు తేలలేదు. పలువురు దీనిని రోజంతయు ధరింపకుండుట అందులకొక కారణమని భావింపబడినది.

యంత్రముల రొదలో సైరను వినబడకపోవచ్చును. కనుక తోటి కార్మికులు ఒక సంగతి తెలిసియుండవలెను: పడిపోయినవాని బొత్తాములను ఇతరులు నొక్కరాదు. నొక్కినచో అతడు మేలుకొనియున్నాడని యంత్రము భ్రమించును. ఘాతము కలుగునపుడు అతనిని తాకరాదు. 108కి ఫోను చేయవలెను. ఘాతము పిదపను శ్వాస, చలనము లేనిచో, యంత్రము హెచ్చరించనప్పుడు ఛాతీ నొత్తవలెను.