చోటుంది, కానీ లేదు: సర్వర్ల గురించి ఇవి మీకు తెలుసా?

● "డిస్కులో చోటు లేదు" అని సర్వర్ మొరాయిస్తుంది. 'డీఎఫ్' కొట్టి చూస్తే సగం ఖాళీ! రెండూ నిజమే. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ ఉండాలి. ఫైలు ఎవరిది, ఎంతుంది, డిస్కులో ఎక్కడుంది అన్నదంతా అందులోనే రాసి ఉంటుంది, ఒక్క పేరు తప్ప. పేరు డైరెక్టరీ దగ్గరుంటుంది. ఐనోడ్లు ఎన్ని ఉండాలన్నది ఫార్మాట్ చేసిన రోజే తేలిపోతుంది, మామూలుగా 16,384 బైట్లకు ఒకటి చొప్పున. గోదాములో బోలెడు చోటున్నా చిట్టాలో పేజీలు అయిపోతే గుమాస్తా బస్తా దించనివ్వడు కదా, అదే సంగతి. చిన్నాచితకా సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుపోయిన చోట ముందు అడగాల్సింది 'డీఎఫ్ మైనస్ ఐ'.

● అదే ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ కోసం అట్టేపెడుతుంది. డేటా మాత్రమే ఉండే పెద్ద డిస్కుల్లో ఇంత అక్కర్లేదు. 'ట్యూన్2ఎఫ్ఎస్'తో తగ్గించుకోవచ్చు.

● 50 జీబీ లాగ్ ఫైలును తీసేసినా ఒక్క బైటు కూడా ఖాళీ కాకపోవచ్చు. 'ఆర్ఎమ్' చెరిపేది పేరునే. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైలును తెరిచి పట్టుకున్నంతసేపూ యూనిక్స్ దాని చోటును వదలదు. అందుకే 'డీయూ' తక్కువ చూపిస్తుంది, 'డీఎఫ్' ఎక్కువ చూపిస్తుంది. డీయూ పేర్లు పట్టుకుని తిరిగి లెక్కేస్తుంది, డీఎఫ్ ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది. ఇలా పేరు పోయినా ప్రాణం పోని ఫైళ్లను 'ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్1' బయటపెడుతుంది. వాటిని పట్టుకున్న ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది.

● ఈ రెండు లెక్కలూ పొసగకపోవడానికి ఇంకో కారణముంది. అది నాకు ఒక రాత్రి నిద్ర ఖరీదుకు తెలిసింది. ఒక సర్వర్‌లో రూట్ డిస్కు నిండిపోయింది. తెరిచి ఉన్న లాగులేమీ లేవు, ఐనోడ్లు కావలసినన్ని ఉన్నాయి. డీయూ లెక్క మాత్రం సగం కూడా రావడం లేదు. జరిగిందేమిటంటే, అంతకుముందు ఒకరోజు నెట్‌వర్క్ తెగి, బ్యాకప్ కోసం పెట్టిన ఎన్ఎఫ్ఎస్ షేర్ (నెట్‌వర్క్ మీదుగా వాడుకునే ఇంకో సర్వర్ డిస్కు) మౌంట్ కాలేదు. బ్యాకప్ స్క్రిప్టుకు ఆ సంగతేం తెలుసు? ఉత్త డైరెక్టరీ కనిపించింది, వెళ్లి అందులోనే కుమ్మరించింది. తెల్లారి ఎవరో షేర్‌ను మళ్లీ మౌంట్ చేశారు. దాంతో రాత్రి రాసిన ఫైళ్లు దాని కింద పడ్డాయి, నేల మీద ఉన్న సామాను మీద చాప పరిచినట్టు. రూట్ డిస్కును ఇంకోచోట 'బైండ్ మౌంట్' చేసి చూస్తే గాని అవి కంటబడలేదు. అప్పటి నుంచి షేర్ మౌంట్ కాకముందే ఆ ఖాళీ డైరెక్టరీకి 'సీహెచ్ఏటీటీఆర్ ప్లస్ ఐ' తగిలిస్తున్నాను. మౌంట్ లేకపోతే రూట్ కూడా అందులో ఫైలు పెట్టలేదు, స్క్రిప్టు అక్కడే ఆగి అరుస్తుంది.

● లోడ్ యావరేజ్ 200, సీపీయూ మాత్రం ఖాళీగా గోళ్లు గిల్లుకుంటోంది. లినక్స్‌లో ఇది సాధ్యమే. 1993లో వచ్చిన ఒక మార్పుతో, సీపీయూ కోసం వరసలో ఉన్నవాటితో పాటు డిస్కు జవాబు కోసం కదలకుండా కూర్చున్న ప్రాసెస్‌లూ ఆ లెక్కలోకి వచ్చాయి. ఎన్ఎఫ్ఎస్ సర్వర్ పడిపోతే దాన్ని తాకిన ప్రతి ప్రాసెసూ 'డి' స్థితిలో కూరుకుపోతుంది, లోడ్ పెరుగుతూ పోతుంది. ఒకప్పుడు 'కిల్ మైనస్ 9' కూడా వీటిని కదిలించలేకపోయేది. 2008లో వచ్చిన 2.6.25 కెర్నల్ నుంచి ఎన్ఎఫ్ఎస్ దగ్గర ఇరుక్కున్నవాటిని చంపడం కుదురుతోంది.

● ఇంత మొండిగా ఎదురుచూడటం లోపం కాదు, 'హార్డ్ మౌంట్' అంటే అదే. 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసిన ఎన్ఎఫ్ఎస్ తొలి రూపాల్లో, ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకోదు. అందుకే అది పడి లేచినా క్లయింట్ ఆగినచోటు నుంచి కొనసాగుతుంది. కాసేపు చూసి చేతులెత్తేసే 'సాఫ్ట్ మౌంట్' హాయిగా అనిపిస్తుంది గాని, రాత మధ్యలో వదిలేస్తే డేటా చెడిపోతుంది. వేళాకోళం కాదు, డేటాబేస్ ఉన్నచోట ఆ జోలికి పోకండి.

● 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' అని వస్తే, నిన్నటి టికెట్టుతో ఇవాళ అదే బెర్తు అడుగుతున్నారన్నమాట. ఫైల్ హ్యాండిల్‌లో సాధారణంగా ఐనోడ్ నంబరుతో పాటు దాని తరం నంబరూ ఉంటుంది. ఫైలు పోయి అదే ఐనోడ్ ఇంకొకరికి దక్కితే తరం మారుతుంది, పాత హ్యాండిల్ చెల్లదు.

● ఎన్ఎఫ్ఎస్ డైరెక్టరీలో చుక్కతో మొదలై 'ఎన్ఎఫ్ఎస్' అంటూ పొడవాటి అంకెలతో వింత ఫైలు కనిపిస్తుంది. తీసేస్తే మరోటి పుడుతుంది! తెరిచి ఉన్న ఫైలును తీసేస్తే క్లయింట్ దాన్ని నిజంగా తీసేయకుండా పేరు మార్చి దాచిపెడుతుంది. పట్టుకున్న ప్రోగ్రామ్ వదలగానే అదే పోతుంది. ఈ పనికి నిపుణులు పెట్టిన పేరే 'సిల్లీ రీనేమ్'.

● మీరు రూట్ అయినా ఎన్ఎఫ్ఎస్‌లో ఫైలు రాయలేకపోవచ్చు. మామూలుగా సర్వర్ అవతలి రూట్‌ను 'నోబడీ'గా దించేస్తుంది. దాని నంబరు 65534 ఎందుకంటే, 16 బిట్లలో మైనస్ 2 అలాగే కనిపిస్తుంది. ఇంకో చిక్కు: మామూలు గుర్తింపు పద్ధతిలో 16 గ్రూపులకు మించి పంపడం కుదరదు. పదిహేడో గ్రూపు ద్వారా వచ్చే అనుమతి దారిలోనే పోతుంది, అన్నీ సరిగ్గా ఉన్నా తలుపు తెరుచుకోదు.

● ఎన్ఎఫ్ఎస్ మీద చిన్న డైరెక్టరీలో 'ఎల్ఎస్' టకామని వస్తుంది, పెద్దదానిలో అలాగే ఉండిపోతుంది. డిస్కును తిట్టేముందు స్విచ్‌ను చూడండి. రెండు చివర్లా ప్యాకెట్ పరిమాణం 9,000 బైట్లు పెట్టి, మధ్యలో ఒక స్విచ్ 1,500 దగ్గరే ఉండిపోతే చిన్న జవాబులు దాటుతాయి, పెద్దవి మాయమవుతాయి. మామూలు పింగ్ బాగానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ముక్కలు చేయొద్దని చెప్పి 8,972 బైట్ల పింగ్ పంపితే గుట్టు బయటపడుతుంది. మిగతా 28 బైట్లు హెడర్లవి.

● డిస్కుల మీద అరిస్తే అవి నెమ్మదిస్తాయి. ఎన్ఎఫ్ఎస్ పుట్టిన సన్ కంపెనీలోనే బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజినీరు 2008లో ఈ పని చేసి వీడియోలో చూపించారు. డిస్కుల వరస దగ్గరికి నోరు పెట్టి గట్టిగా కేక వేయగానే, ఆ కంపనానికి జవాబులు ఆలస్యమై తెర మీద గ్రాఫ్ ఎగిసింది.