ఉప్పెనపై నివేదిక రాయాలంటే ఎవరి మాట నమ్మాలి?
పదో తరగతి పిల్లల ప్రాజెక్టు పనికి దివిసీమలో కావలసినంత సమాచారం. జల్లెడ పట్టడమే కష్టం

అవనిగడ్డ: పదో తరగతి సాంఘిక శాస్త్రం పరీక్షకు పాఠం బట్టీపట్టి వెళితే చాలుననే రోజులు పోయి చాలా కాలమయింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళిక చట్రం వచ్చిన తరువాత పుస్తకాలు మారాయి. 2014-15లో పరీక్ష తీరు కూడా మారింది. సమాచారం సేకరించడం, పట్టికను చదవడం, ఇచ్చిన పేరాపై తన అభిప్రాయం రాయడం మార్కులు వచ్చే పనులయ్యాయి. ఇరవై మార్కులను పాఠశాలలోనే వేసే పద్ధతి పెట్టి, అందులో ప్రాజెక్టు పనిని ఒక భాగం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆ ఇరవై మార్కులూ తీసివేసి నూరు మార్కులకూ రాత పరీక్ష పెట్టారు. మార్కుల లెక్క మారినా, పట్టికలు, పేరాలు ఇచ్చి అడిగే పద్ధతి మాత్రం పోలేదు.

అయితే ఈ పనికి పిల్లలు తయారయ్యే తీరు వేరుగా వుంటున్నది. బజారులో గైడు దొరుకుతుంది, రంగుల అట్ట దొరుకుతుంది. బొమ్మలు కత్తిరించి అంటించి, గైడులో వున్నది వున్నట్లు దించేస్తే ప్రాజెక్టు అయిపోయినట్లే. ఒక తరగతిలో నలభై మంది పిల్లలుంటే నలభై నివేదికలూ ఒకే మాటతో మొదలయి ఒకే మాటతో ముగుస్తాయి. దిద్దవలసిన మాస్టారుకు అది సుఖమే గాని, పిల్లవాడికి అబ్బిన విద్య మాత్రం కత్తెర పని ఒక్కటే.

దివిసీమ పిల్లలకు గైడుతో పని లేదు. 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెన ఈ సీమలో ప్రతి ఊరికీ తెలిసిన సంగతి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాలలో చూసిన వారు, ఈదిన వారు, తాటిచెట్లు పట్టుకుని బతికిన వారు ఇంకా వున్నారు. ఆనాడు పదేళ్ల పిల్లలయిన వారు 2027 నాటికి అరవైకి చేరతారు. అప్పటికే నడివయసులో వుండి ఇల్లూ గొడ్డూ చూసుకున్న వారిలో ఇప్పుడు మిగిలినవారు కొద్దిమందే. అడగదలచుకున్న పిల్లలు అడగవలసిన సమయం ఇదే.

తాటిచెట్టంత అల

పెద్దలను అడిగితే మొదట వినిపించే మాట, 'తాటిచెట్టంత అల వచ్చింది' అని. వాతావరణ శాఖ లెక్కలో ఆ ఉప్పెన ఎత్తు దాదాపు 5 మీటర్లు. అంటే మూడు నిలువుల నీరు. తాటిచెట్టు ఇంతకు రెండు మూడు రెట్లుంటుంది. ఇక్కడ పిల్లవాడు చేసే తప్పులు రెండు. తాత చెప్పాడు గనుక అదే నిజమని రాసేయడం ఒకటి. పుస్తకంలో 5 మీటర్లని వుంది గనుక తాత మాట కొట్టిపారేయడం రెండవది.

5 మీటర్లనేది సముద్రమట్టం పొంగు లెక్క. దానిపైన గాలికి లేచే కెరటాలు వేరు. ఊరి నేల సముద్రం కన్నా కొంత ఎత్తున వుంటుంది గనుక ఊరిలో నిలిచిన నీటి లోతు ఇంకొక లెక్క. చీకటిలో, హోరుగాలిలో, చంకన బిడ్డతో వున్న మనిషి కొలబద్ద పట్టుకుని నిలబడడు. ఆయన చెప్పేది భయం ఎత్తు. అది అబద్ధం కాదు, కొలత మాత్రం కాదు. కనుక అడగవలసిన ప్రశ్న వేరే వుంది. 'నీళ్లు తీశాక గుడి గోడ మీద మడ్డి ఎంతవరకు అంటుకున్నది? ఎన్నో మెట్టు దాకా? గుమ్మం పై కమ్మి మునిగిందా?' ఆ గుడి, ఆ మెట్లు ఇప్పటికీ వుంటే టేపు పెట్టి కొలవవచ్చు. అప్పుడు తాత మాట కొలతకు నిలుస్తుంది.

వేళ సంగతీ అంతే. గడియారం చూసి చెప్పమంటే ఒక్కొక్కరు ఒక్కొక్క గంట చెబుతారు. కోళ్లు గూటికి చేరాయా, దీపం పెట్టారా, పొయ్యి మీద అన్నం వుందా అని అడిగితే ముగ్గురు నలుగురి మాటలు కలుస్తాయి.

మరొక జాగ్రత్త. తాను చూసినది, విన్నది పెద్దల మాటలలో కలిసిపోయి వుంటాయి. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన కథలు కూడా ఈ సీమలో తాతల నాటి నుంచి వస్తున్నవే. అందులో ముప్పై వేల మంది పోయారని లెక్క. 1883లో అచ్చయిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో గార్డన్ మెకంజీ దానిని గురించి రాశారు. ఈ ఉప్పెన సంఖ్య ఆ ఉప్పెనకూ, ఆ కథ ఈ కథకూ అతుక్కోవడం జరిగేదే. 'మీరు కళ్లారా చూశారా, ఎవరైనా చెబితే విన్నారా' అని నెమ్మదిగా అడిగి నోటుపుస్తకంలో రెండు వరుసలుగా రాసుకోవాలి.

పోయినవారెందరు?

నివేదికలో అందరికీ చిక్కు తెచ్చేది మృతుల సంఖ్య. సర్కారు లెక్క పదివేలకు దగ్గరగా వుంది. అంతకు ఎన్నో రెట్లు పోయారని చెప్పిన వారూ వున్నారు. గైడులో ఒక అంకె వుంటుంది, సెల్‌ఫోనులో ఇంకొకటి వస్తుంది. ఏది వేస్తే మార్కులు పడతాయన్నది పిల్లల సందేహం. ఒక్క అంకె వేసి ఊరుకుంటే నివేదిక కానట్లే. అంకె ఎవరిది, ఏ తేదీది, ఎలా వచ్చింది అన్నది రాయాలి.

తుఫాను మరునాటి పత్రికలో అంకె చిన్నదిగా వుంటే విలేఖరి దాచాడని కాదు. దారులు తెగి, తీగలు తెగి, కబురు రాలేదు. వారం తరువాతి పత్రికలో అంకె పెరుగుతుంది. కనుక పత్రిక నుంచి తీసుకున్న ప్రతి మాటకూ తేదీ తప్పనిసరి. సర్కారు జాబితాలో పేరు ఎక్కాలంటే ఫలానావారు పోయారని చెప్పడానికి ఎవరో ఒకరు మిగలాలి. ఇంటిల్లిపాదీ పోయిన చోట చెప్పేవారెవరు? వేరే ఊరి నుంచి పనికి వచ్చి గుడిసె వేసుకున్నవారిని ఎవరు గుర్తుపడతారు? సముద్రంలోకి కొట్టుకుపోయిన శవానికి పంచనామా లేదు. మరొక వైపున, జాబితాతో సాయం ముడిపడి వున్నప్పుడు లెక్కలో పేచీలు వస్తాయి. పైగా 1978 ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఉప్పెనకూ ఎన్నికలకూ మధ్య మూడు నెలలే. అప్పుడు పాలకపక్షం చెప్పిన అంకెనూ, ప్రతిపక్షం చెప్పిన అంకెనూ ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి.

ఇంకొక దారి జనాభా లెక్కలు. 1971, 1981 జిల్లా సెన్సస్ పుస్తకాలలో ఊరూరి జనాభా వుంది. రెండూ పక్కపక్కన పెడితే కొంత తెలుస్తుంది. కాని 1981లో తగ్గిన వారంతా ఉప్పెనలో పోయినవారని రాయరాదు. బతికినవారిలో ఊరు విడిచి పోయిన వారుంటారు, ఆ పదేళ్లలో పుట్టినవారుంటారు. ఊరి జనాభా తగ్గకపోయినా ఊరు సగం పోయి వుండవచ్చు. జనాభా పుస్తకం ఒక సాక్షి మాత్రమే, తీర్పరి కాదు.

తప్పు పట్టించే గుర్తులు

కొన్ని కాగితాలు తమ వయసు తామే చెప్పేస్తాయి. '1977లో అవనిగడ్డ మండలంలో' అని వుంటే ఆ వాక్యం 1985 తరువాత రాసినది. అప్పటికి మండలాలు లేవు, తాలూకాలు. అది తరువాత రాసినదయినంత మాత్రాన తప్పు కాదు గాని, ఆనాటి కాగితమని చెప్పుకుంటే మాత్రం అనుమానించాలి. 'అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు' అని రాసే పిల్లలూ వుంటారు. బాధితుల కోసం రామారావు, నాగేశ్వరరావు తదితర నటులు విరాళాలు సేకరించిన మాట నిజం. కాని ఆయన పార్టీ పెట్టినది 1982లో. ఉప్పెన నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. విన్న రెండు సంగతులు కలిసి మూడవది పుట్టడమంటే ఇదే.

ఫోటోలు మరీ ప్రమాదం. సెల్‌ఫోనులో దివిసీమ ఉప్పెన అని వచ్చే బొమ్మ 1990 మే తుఫానుది కావచ్చు, 1996 నవంబరులో కోనసీమ తుఫానుది కావచ్చు, అసలు ఈ దేశానిదే కాకపోవచ్చు. తీరాన సిమెంటు తుఫాను షెల్టర్లలో ఎక్కువ భాగం 1977 తరువాత కట్టినవే. బొమ్మలో వెనుక షెల్టరు కనబడితే ఆ ఒక్కటి చాలు అనుమానించడానికి. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియని ఫోటో అంటించడం కన్నా గుడి మెట్టు కొలత వేసిన చేతి బొమ్మ మేలు.

అడిగే తీరు

ఇందులో మార్కులకు మించిన సంగతి ఒకటుంది. బిడ్డలను పోగొట్టుకున్న ముసలమ్మ దగ్గరకు పదిమంది పిల్లలు గుంపుగా వెళ్లి, ప్రశ్నల కాగితం తీసి, 'మామ్మా, మీ ఇంట్లో ఎంతమంది పోయారు?' అని మొదలుపెట్టడం తగదు. ఇద్దరు వెళ్లాలి. ఊరివాళ్లే గనుక వరుస పెట్టి పిలుచుకుని కూర్చోవాలి. ఉప్పెనకు ముందు ఊరెలా వుండేది, ఎవరి ఇల్లు ఎక్కడ అని అడిగితే ఆమె తానే ఆ రోజుకు వస్తుంది. రాకపోతే ఊరుకోవాలి. కంటతడి పెడితే పుస్తకం మూయాలి. పేరు రాయవచ్చునా అని అడిగి, వద్దంటే 'తీరం ఊరిలో ఒక వృద్ధురాలు' అని రాస్తే ఏ మాస్టారూ మార్కు తగ్గించరు. తగ్గిస్తే తప్పు ఆయనదే.

రాసేటప్పుడు చూసినది, విన్నది, చదివినది కలపరాదు. 'మా ఊరిలో వందలాది మంది చనిపోయారు' అన్నది ఎవరయినా రాయగల వాక్యం. 'మా పేటలో ఏయే ఇళ్లు పోయాయో ఇద్దరు పెద్దలు వేరువేరుగా చెప్పారు. తొమ్మిది ఇళ్ల విషయంలో ఇద్దరి మాటా కలిసింది, రెండింటి విషయంలో కలవలేదు. స్మారక ఫలకంపై ఆ రెండు ఇళ్ల పేర్లు లేవు' అని రాసిన పిల్లవాడు ఊరంతా తిరిగి రాశాడని చదివిన వెంటనే తెలుస్తుంది. మాటలు కలవని చోట ఏదో ఒకటి తేల్చి చెప్పనక్కరలేదు. రెండూ రాసి, తనకు ఏది నమ్మదగినదిగా తోచినదో, ఎందుకో రెండు ముక్కలలో చెబితే చాలు.

పరీక్ష హాలులో వచ్చే ప్రశ్నకు కూడా ఇదే సాధన పనికివస్తుంది. పట్టిక ఇస్తే ముందు తల కట్టు చదవాలి. ఏ సంవత్సరం, వేలా లక్షలా, జిల్లాదా రాష్ట్రానిదా చూడకుండా అంకెలలో పడితే జవాబు తలకిందులవుతుంది. పేరా ఇచ్చి వ్యాఖ్యానించమంటే ఆ పేరానే తిప్పి రాయడం పరిపాటి. పేరాలో ఏమి చెప్పారన్నది రెండు వాక్యాలలో ముగించి, ఏమి చెప్పలేదు, ఎవరి వైపు నుంచి చెప్పారు అన్న దానికి మిగతా జాగా వుంచుకోవాలి.

ఇన్ని తిప్పలు పడి రాసిన నివేదికలు చివరకు ఏమవుతున్నాయన్న ప్రశ్న కూడా వుంది. మార్కులు వేసిన తరువాత కట్టలు కట్టి బీరువా మీద పెడతారు. వేసవిలో అవి పాత కాగితాల బేరగాడి తక్కెడ ఎక్కుతాయి. గైడు చూసి దించినవి పోతే నష్టం లేదు. పెద్దల నోట విని రాసినవి మాత్రం ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో వుంచడానికి పెద్ద ఖర్చు కాదు. ఏటా నవంబరు 19న స్మారక స్థూపం వద్ద పూలు పెట్టి నివాళులర్పించే పెద్దలు ఈ సంగతి ఆలోచించవచ్చు. స్థూపం మీద చోటు దొరకని పేర్లు ఆ పుస్తకాలలో వుంటాయి.

పాత సెన్సస్ పుస్తకాలు జనాభా లెక్కల శాఖ వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతున్నాయి. ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా వుంటుంది గనుక, తాలూకా పట్టిక మొదటి నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లడం మంచిది.