చాక్లెట్‌లో ఉండేదేగా అని తేలిగ్గా తీసుకుంటున్నారా?.. జిమ్ పౌడర్‌లోని ‘పీఈఏ’ వీళ్లకు మాత్రం డేంజర్!

చాక్లెట్ తింటే మూడ్ మారిపోతుందని చాలామంది అంటుంటారు. దానికి కారణం ఫినెథైలమైన్ అని, అదే ‘లవ్ కెమికల్’ అని సోషల్ మీడియాలో ఊదరగొడుతుంటారు. ఇదే పదార్థాన్ని ‘పీఈఏ’ పేరుతో జిమ్‌కు వెళ్లే ముందు తాగే కొన్ని పౌడర్లలోనూ కలుపుతున్నారు. మరి ఇందులో నిజమెంత? ఎవరికి ప్రమాదం?

ఇది ఎక్కడి నుంచి వస్తుంది?

పప్పులు, పాలు, గుడ్లు, మాంసం.. ఇలా ప్రోటీన్ ఉన్న ప్రతి ఆహారంలోనూ ఫినైల్ అలనైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఒంట్లోని ఒక ఎంజైమ్ దాని నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేస్తే మిగిలేదే ఫినెథైలమైన్. అంటే ఇది బయటి నుంచే రావాల్సిన పని లేదు. మన మెదడు కూడా అతి కొద్ది మోతాదులో తయారు చేసుకుంటుంది.

ఎలా పనిచేస్తుంది?

నరాల కణాల్లో టార్-1 అనే రిసెప్టర్ ఉంటుంది. దీన్ని శాస్త్రవేత్తలు 2001లో గుర్తించారు. ఫినెథైలమైన్ దీనికి అతుక్కుని డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ విడుదలను పెంచుతుంది. ఉత్సాహం, చురుకుదనం వచ్చేది వీటితోనే. గుండె వేగం, బీపీ పెరిగేదీ వీటితోనే.

మరి చాక్లెట్ తింటే కిక్ ఎందుకు రాదు?

ఇక్కడే అసలు విషయం ఉంది. మోనోఅమైన్ ఆక్సిడేజ్-బీ అనే ఎంజైమ్ మన ఒంట్లో కాపలాదారులా పనిచేస్తుంది. నోటి ద్వారా వెళ్లిన ఫినెథైలమైన్‌ను నిమిషాల్లోనే విరగ్గొట్టేస్తుంది. చివరికి అది మూత్రంలో బయటకు పోతుంది. చాక్లెట్‌లో ఉండేదే కొంచెం, అందులో మెదడు దాకా చేరేది దాదాపు ఏమీ ఉండదు.

అయితే ఇదే అణువుకు ఒక్క మిథైల్ గ్రూపు తగిలిస్తే ఆంఫెటమైన్ అవుతుంది. దీన్ని 1887లోనే తయారు చేశారు. ఆ చిన్న మార్పుతో ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టలేదు. అందుకే దాని ప్రభావం గంటల తరబడి ఉంటుంది. హైదరాబాద్‌లో జిమ్‌లకు వెళ్లేవారికి అక్రమంగా అమ్ముతూ అధికారులకు పట్టుబడిన మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు కూడా ఈ కుటుంబానివే. నిజానికి అవి ఆపరేషన్ సమయంలో పడిపోయిన బీపీని పెంచడానికి డాక్టర్లు వాడే మందులు.

వీళ్లు జాగ్రత్త!

కాపలాదారు ఎంజైమ్‌ను అడ్డుకునే మందులు కొన్ని ఉన్నాయి. పార్కిన్సన్స్‌కు వాడే సెలెజిలిన్, రసాజిలిన్ అలాంటివే. మొండి టీబీ చికిత్సలో ఇచ్చే లినెజోలిడ్‌కు కూడా కొంతమేర ఈ గుణం ఉంది. ఈ మందులు వాడుతూ పీఈఏ పౌడర్ తాగితే అది విరగకుండా ఒంట్లో పేరుకుపోయే ముప్పు ఉంటుంది. బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. తల పగిలిపోయేంత నొప్పి, గుండె దడ, చెమటలు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆలస్యం చేస్తే మెదడులో రక్తస్రావం జరిగే అవకాశం కూడా ఉంది. హైబీపీ, గుండె జబ్బులు ఉన్నవారు కూడా దీనికి దూరంగా ఉండటమే మంచిది.

క్రీడాకారులకు ఇంకో చిక్కుంది. పోటీల సమయంలో ఫినెథైలమైన్‌ను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించింది. ‘సప్లిమెంట్‌లో ఉందని తెలియదు’ అంటే కుదరదు.

లేబుల్ చూసేటప్పుడు..

ఫినెథైలమైన్, బీటా ఫినైల్ ఇథైలమైన్, పీఈఏ.. ఈ మూడు పేర్లూ ఒకదానివే. అయితే నొప్పుల కోసం అమ్మే పామిటోయిల్ ఇథనాలమైడ్‌ను కూడా పొట్టిగా పీఈఏ అనే అంటారు. అది పూర్తిగా వేరే పదార్థం. అందుకే పొట్టి పేరు చూసి కొనకుండా, పూర్తి పేరు చదవాలి.

మరో ముఖ్య విషయం.. పౌడర్ కోసం టీబీ మందో, పార్కిన్సన్స్ మందో సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం. ఆపాల్సింది పౌడర్‌నే. రెండూ వాడుతున్నట్లయితే ఆ డబ్బా తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించాలి.

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. ఏ సందేహం ఉన్నా డాక్టర్‌ను సంప్రదించాలి.)