సర్పంచ్ ఎవరు, నేనా మీరా? కల్వ ఫాతిమా బీ నుంచి మన నవధాన్యాల దాకా

ఈసారి వీడియోలో మీరు ముందుగా చూసేది పశువులు మేసేసిన మా రెండెకరాల చేను. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది నల్లజర్ల దగ్గర మెట్ట. బోర్ల మీద బతికే నేల. నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి వచ్చాక సొంత సేద్యంతో పాటు ద్రవజీవామృతం, కషాయాలు తయారుచేసి తోటి రైతులకి అమ్ముతున్నాను. పోయిన వేసవిలో రెండెకరాల్లో నవధాన్యాలు చల్లాను. అదేనండి, పీఎండీఎస్. విత్తనానికి బంకమట్టి, ఘనజీవామృతం, బూడిద పట్టించి మరీ వేశాను. ఒక వాన పడింది. జానెడు ఎత్తు లేచింది. ఒక్క రాత్రిలో ఊరి పశువులు మొత్తం ఊడ్చేశాయి.

ఎవర్ని తిడతాం? ఎండాకాలం పశువుల్ని వదిలేయడం ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. వేసవిలో ఎవరి చేలోనూ పచ్చగా ఏమీ ఉండేది కాదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు 365 రోజులూ నేల మీద పచ్చదనం ఉండాలని మనం అంటున్నాం. అంటే ఊరి కట్టుబాటు మారాలి. జీవామృతం నా షెడ్డులో నేను కలుపుకోగలను. బందెలదొడ్డి మాత్రం పంచాయతీది. చెరువు పూడికమట్టి ఎవరి పొలానికి వెళ్లాలో, ఉపాధి హామీలో ఏ పని ముందు పెట్టాలో కూడా గ్రామసభలో తేలాల్సిందే.

ఈ బాధ చెప్పుకుంటుంటే ఊరి పెద్దలు ఇద్దరు ఇంటికొచ్చారు. "ఈసారి సీటు ఆడవాళ్లకి వస్తే మీ ఆవిడ పేరున నామినేషన్ వేద్దాం బాబూ. పని నువ్వు చూసుకుందువుగానిలే" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. వాళ్లు వెళ్లాక మా ఆవిడ ఒక్కటే అడిగింది: "ఏవండీ, సర్పంచ్ ఎవరు? నేనా, మీరా?"

నా దగ్గర సమాధానం లేదు. అప్పుడే డిప్లొమా రోజుల్లో విన్న ఫాతిమా బీ గారు గుర్తొచ్చారు.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో కల్వ అనే ఊరు ఉంది. కరువు నేల. 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో మూడో వంతు పదవులు మహిళలకి వచ్చాయి. ఆ లెక్కన మన రాష్ట్రంలో 1995లో ఎన్నికలు జరిగాయి. ఫాతిమా బీ గారు అలా సర్పంచ్ అయ్యారు. చదువు లేదు, రాజకీయం తెలీదు. అప్పట్లో చాలా ఊళ్లలో సంతకం ఆవిడది, మాట మగాడిది. ఆవిడ అక్కడ ఆగిపోలేదు. ఐక్యరాజ్యసమితి సాయంతో నడిచిన దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం ఆ జిల్లాలో మహిళా పొదుపు సంఘాలు కట్టించింది. కల్వలో ఆ సంఘాల ఆడవాళ్లే ఆవిడకి బలం. రోజుకో రూపాయి దాచుకునే మనుషులు ఊరికి నీళ్ల గురించి, బడి గురించి పంచాయతీలో మాట్లాడటం మొదలుపెట్టారు. 1998లో పేదరికంపై పోరాటానికి ఐక్యరాజ్యసమితి ఇచ్చే అవార్డు ఆవిడకి వచ్చింది.

ఇందులో మన సేద్యానికి ఏం సంబంధం అంటారా? చాలా ఉందండి. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ సంఘాలు చూపించిన దారిలోనే 2000లో సెర్ప్ వచ్చింది. మండల సమాఖ్యలు బలపడ్డాయి. 2004 తర్వాత పురుగుమందులు లేని సేద్యం, అదే ఎన్‌పీఎం, ఊళ్లలోకి వెళ్లింది ఆ సంఘాల చేతుల మీదుగానే. ఇవాళ్టి ప్రకృతి వ్యవసాయానికి వెన్నెముక కూడా అవే. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి మన రాష్ట్ర కార్యక్రమానికి మరో ఇద్దరితో కలిపి వచ్చిందంటే, ఆ పేరు వెనక కషాయం కాచిన ఆడవాళ్ల చేతులున్నాయి.

మా ఊళ్లోనూ అంతే. నా దగ్గర కషాయం కొనేది మగవాళ్లు. ఆకు దంచేది, పేడ కలిపేది, విత్తనం దాచేది ఆడవాళ్లు. పదవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్ల పేరు చాలు, మనిషి అక్కర్లేదు అంటున్నాం. ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను. దాచుకోను.

పెద్దలకి చెప్పేశాను: "పోటీ చెయ్యాలో వద్దో తనే చెప్తుంది. చేస్తే పనీ తనే చూసుకుంటుంది." వాళ్లకి నచ్చలేదు. మళ్లీ రాలేదు. ఆవిడ ఇంకా ఏమీ తేల్చలేదు. కానీ సంఘం మీటింగులో పశువుల సంగతి ఎత్తింది. నవధాన్యాలు వేసినవాళ్లు ఏడుగురు ఉన్నారని అక్కడే తేలింది. నాకు తెలిసింది ముగ్గురే!

ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినోత్సవం. నవధాన్యాలు చల్లే అదునూ అదే. మీ ఊళ్లో గ్రామసభ పెడితే వెళ్లండి, ఇంట్లో ఆడవాళ్లతో కలిసి వెళ్లండి. రెండు విషయాలు తీర్మానం పుస్తకంలో రాయించండి: వేసవిలో పశువులు కట్టెయ్యాలి, బందెలదొడ్డి తెరవాలి. మైకు మాత్రం మీరు పట్టుకోకండి. వాళ్లకివ్వండి.

మా ఊళ్లో ఏం జరిగిందో వచ్చే వీడియోలో చూపిస్తాను. ఉంటానండి.