ఆర్థిక సంక్షోభములు - మెమరీ చిప్‌ల పరిశ్రమ

చేతి టెలిఫోనులోను, కంప్యూటరులోను పని సాగుచున్నంతసేపు దానికి వలయు సమాచారమును పట్టియుంచు చిన్న సిలికాన్ పలక యొకటి కలదు. అదియే మెమరీ చిప్. వీనిలో ముఖ్యమైన దానికి డీరామ్ అని పేరు. 1980 తరువాతి కాలమున అమెరికా, జపాను, ఐరోపా, కొరియాలలో వీనిని చేయు సంస్థలు అనేకము లుండెడివి. నేడు ప్రపంచపు అమ్మకములలో అత్యధిక భాగము మూడు సంస్థలదే. తక్కినవి నైపుణ్యము లేక నశించినవా? అట్లు చెప్పజాలము.

ముందు ఈ సరకు స్వభావమును తెలిసికొందము. ఒక సంస్థ చిప్‌నకు బదులు మరియొక సంస్థ చిప్‌ను వాడవచ్చును గనుక ఇది అంగడి ధరకే అమ్ముడుపోవును. ధర బాగున్నదని రైతులందరు ఒకే యేడు మిరప వేసినట్లు, సంస్థలన్నియు ఒకేసారి కర్మాగారములు కట్టును. ఒక్కొక్క దానికి వేలకోట్ల రూపాయలు వ్యయమగును. అవి పూర్తియగునప్పటికి సరకు పేరుకొని ధర పడిపోవును. యంత్రములను ఆపినను అప్పుపై వడ్డీ ఆగదు. కావున నష్టమునకే ఉత్పత్తి సాగును. ధర ఇంకను పడును. అట్టి వేళ బ్యాంకులు చేయి ముడుచుకొన్నచో, చేత రొక్కము లేని సంస్థ కూలును.

1997లో ఆసియా సంక్షోభము తాకగా కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయించినది. ప్రభుత్వపు ఒత్తిడిపై 1999లో హ్యుండాయ్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎల్.జి. సెమికాన్‌ను కలుపుకొన్నది. ఆ యప్పుల బరువున తానే క్రుంగి, 2001లో హైనిక్స్ అను పేరు దాల్చి, ఋణదాతల చేతిలోనికి పోయినది. 2012లో ఎస్.కె. వారు కొనినంతనే దానికి స్థిరమైన అండ లభించినది. శాంసంగ్ సంస్థకు అట్టి అండ ముందే కలదు. ఇతర వ్యాపారముల రాబడితో, ధరలు పడినవేళలయందే అది పలుమార్లు పెట్టుబడి హెచ్చించినది.

2008 సంక్షోభము మరింత తీవ్రము. 2009 జనవరిలో జర్మనీలోని క్విమోండా దివాలా తీయగా వేలమంది పని కోల్పోయిరి. జపానులోని ఎల్పిడాకు ఆ యేడు ప్రభుత్వమే చేయూత నిచ్చినది. అయినను యెన్ విలువ పెరిగి, చిప్‌ల ధర తరిగి, 2012 ఫిబ్రవరిలో అదియు న్యాయస్థానపు రక్షణ కోరినది. 2013లో అమెరికా సంస్థ మైక్రాన్ దానిని కొన్నది.

ఎల్పిడా పనివారి పనితనమునకు లోపము లేదు. వారి హిరోషిమా కర్మాగారము నేటికిని చిప్‌లను చేయుచునే యున్నది; యజమాని మాత్రమే మారినాడు. సంక్షోభము పరీక్షించునది నేర్పును గాదు, ఓపిక పట్టుటకు వలయు ధనమును. చైనాలో 2016లో ప్రభుత్వపు ఆసరాతో వెలసిన చాంగ్‌షిన్ సంస్థ ఈ రంగమున దిగగలుగుటకు కారణము గూడ ఇదియే.

ఇందు మనకును పాలు కలదు. అందరును నష్టపోయిన యేండ్లలో మనము చిప్‌లను చౌకగా పొందితిమి. అమ్మువారు కొలదిమందియే మిగిలిన పిదప, కృత్రిమ మేధ యంత్రములకు గిరాకి హెచ్చి, 2025 చివర ధరలు ఒక్కసారిగా ఎగసినవి. నాటి చౌకకు మిగిలిన బాకీని నేడు మనమే తీర్చుచున్నాము.